జిక్కి పసిగొంతు

పాత పాట అనగానే "ఆ రోజులే వేరు" అంటాం. ఎందుకు వేరో మాత్రం చెప్పం. మమకారం విమర్శను మింగేస్తోంది.

1948లో వచ్చిన తమిళచిత్రం 'జ్ఞానసౌందరి'లోని మేరీమాత ప్రార్థననే తీసుకుందాం. సంగీతం ఎస్.వి. వెంకట్రామన్‌ది. పాట నడుమ బాలిక యువతి అవుతుంది. బాలికకు జిక్కి, యువతికి పి.ఎ. పెరియనాయకి పాడారు. చంద్రగిరిలో పుట్టిన మన జిక్కికి అప్పటికి పదమూడేళ్లు నిండలేదు. ఆ గొంతులో పసితనం ఉంది గాని గారాబం లేదు. తమిళ అక్షరం ఒక్కటీ నలగలేదు. పెరియనాయకి బాగానే పాడారు. అయినా గొంతు మారగానే నాకు బెంగ పుడుతుంది. అది 1948 మీద బెంగ కాదు, అప్పుడే ఆగిపోయిన పసిగొంతు మీద. పాట కట్టుబడిలోనే ఆ బెంగ ఉంది. పాట నిలవడానికి కారణం అదే.

మా కడంబత్తూరు వైపు ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. తమిళం అబ్బితే తెలుగు పోతుందని భయపడే పెద్దలున్నారు. ఏడేళ్ల తర్వాత 'రోజులు మారాయి' (1955)లో కొసరాజు రాసిన ఏరువాక పాట పాడిందీ జిక్కే. అందులో పల్లె నుడికారం ఎక్కడా తడబడలేదు. "మన అమ్మాయే" అని మురిసిపోతే చాలదు. ఈ రెండు పాటలూ పక్కపక్కన పెట్టి మన పిల్లలకు వినిపించాలి.