ముద్ర సంగతి తర్వాత

కువైట్‌లోని అల్ రాయ్ శుక్రవారం సంతలో, వాడిన ఫర్నిచర్, తివాచీల మధ్య రంగు గాజు ల్యాంపు కంటపడితే చాలామంది ముందు దాన్ని తిరగేసి, దిమ్మ కింద ‘టిఫనీ స్టూడియోస్, న్యూయార్క్’ అన్న ముద్ర వెతుకుతారు. నా లెక్కలో అంత బలహీనమైన సాక్ష్యం ఇంకొకటి లేదు. లోహం మీద అక్షరాలు కొట్టడం ఎవరికైనా చేతనవుతుంది. పైగా దిమ్మ, షేడ్ విడివిడి భాగాలు. అసలు దిమ్మ మీద నకిలీ షేడ్ కూర్చోబెట్టడమూ సులువే. దుమ్మునూ నమ్మలేం, కువైట్ గాలికి కొత్త సామాను కూడా వారం తిరక్కుండా పాతబడుతుంది. చూడాల్సింది గాజును, దాన్ని ఎంచిన తీరును.

ఆ ఎంపిక ఎంత కష్టమో రంగు గాజు ల్యాంపులకు పేరుపడ్డ టిఫనీ కార్ఖానాయే చెబుతుంది. అక్కడ గాజు ఎంచి కోయడానికి 1892లో మహిళల విభాగం పెట్టారు. దాన్ని ఏళ్ల తరబడి నడిపిన క్లారా డ్రిస్కాలే ‘విస్టీరియా’ ల్యాంపు రూపకర్త అని ఈ శతాబ్దంలో ఆమె ఉత్తరాలు వెలుగు చూశాక గానీ లోకానికి తెలియలేదు. ఆ షేడ్‌లో దాదాపు 2000 ముక్కలుంటాయి. ప్రతి ముక్క అంచుకూ రాగి రేకు చుట్టి, టంకం పెట్టి అతుకుతారు. పూరేకు కొసన ముదురు నీలం, మొదలు దగ్గర లేత నీలం రావాలంటే గాజు పలకలో ఆ ఛాయ ఎక్కడుందో వెతికి అక్కడే కోయాలి. రంగు గాజులోనే ఉంటుంది, పైన పూసింది కాదు. ఈ షేడ్లకు వాడే, చిత్రకారుడు జాన్ లా ఫార్జ్ 1880లో పేటెంటు పొందిన ఒపలెసెంట్ గాజు వెలుతురును చెదరగొడుతుంది. అందుకే మంచి షేడ్‌లో బల్బు జాడ తెలియదు, షేడంతా వెలుగుతుంది. నాసిరకంలో బల్బు ఉన్నచోట తెల్లటి మచ్చ పడుతుంది, ఆకులన్నీ ఒకే పచ్చగా చదునుగా కనిపిస్తాయి. ఆర్పేసి లోపల చెయ్యి పెట్టి చూడండి: ఎవరూ చూడని ఆ వైపు కూడా టంకం గీత నునుపుగా ఉంటే పనివాడు తొందరపడలేదన్నమాట. (టంకంలో సీసం ఉంటుంది, తర్వాత చేతులు కడుక్కోవాలి.) గాజు బుడ్డి మీద ముక్కలు జిగురుతో అంటించే టర్కీ మొజాయిక్ దీపాలు అందమైనవే, కానీ ఆ పని వేరు.

ఇంత మంచి గాజుతో ఇప్పుడూ చేస్తున్నారు కదా, వయసెలా తేలుతుందని అడగొచ్చు. గాజొక్కటే తేల్చదు, నిజమే. అది పనితనం చెబుతుంది. వయసు చెప్పాల్సింది చేతులు మారిన చరిత్ర, కాగితాలు. 2018లో క్రిస్టీస్ వేలంలో టిఫనీ ‘పాండ్ లిలీ’ ల్యాంపు 33 లక్షల డాలర్లు దాటడం వెనక ఆ పరిశీలనంతా ఉంది, ఒట్టి ముద్ర కాదు. కాగితాల్లేని ల్యాంపుకు పనితనానికి తగ్గ దినార్లే ఇవ్వాలి. ఇక సన్నని పగుళ్లు చూసి బెదరనక్కర్లేదు, బల్బు వేడికి పాత గాజు చిట్లడం మామూలే. తర్వాత మార్చిన ముక్కే అసలు లోపం; వెలిగించినప్పుడు, ఆర్పినప్పుడు రెండు వేళలా పక్క ముక్కలతో పోల్చితే దొరికిపోతుంది.

కొత్త వైరు, మూడు పిన్నుల ప్లగ్గు చూసి నకిలీ అని తోసేయడమూ తప్పే. అమెరికా ల్యాంపు 120 వోల్టులకు చేసింది, ఇక్కడ కరెంటు 240, అందుకే వాటిని మార్చి ఉంటారు. జాగ్రత్తపడాల్సింది పాత వైరుతోనే ఉన్న ల్యాంపుతో. దాన్ని సంతలో వెలిగించి చూపించమనకూడదు.