పశువుల ఓడలు: చావుల లెక్క ఒక్కటే చాలునా?

వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో మిట్టమధ్యాహ్నం భీమడోలు పరిసరాలలో గేదెలు మెడవరకు నీటిలో మునిగి ఉండటం అందరూ ఎరిగినదే. చూచేవారికి అది సోమరితనంగా తోస్తుంది. నిజానికి అది దేహరక్షణ. గేదె చర్మం నల్లనిది. స్వేదగ్రంథులు ఆవుకంటె తక్కువ. కొల్లేటి మీది గాలి తేమగా ఉన్ననాడు ఆ కొద్ది చెమట కూడ త్వరగా ఆరదు. కనుక ఒంటివేడిని అది నీటికి అప్పగిస్తుంది. నీడకో, నీటికో, గాలి వీచే చోటికో కదలిపోగల స్వేచ్ఛ ఎండకాలంలో పశువుకు ప్రాణాధారం. ఆ స్వేచ్ఛ ఏమాత్రం లేని చోటు ఓడ.

ఒంగోలు జాతి సముద్రాలు దాటి ఖ్యాతి గడించిన కథ మన పత్రికలలో తరచుగా కనిపిస్తుంది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడోర్ రేవులో ఆగగా, అందులోని రెండు ఒంగోలు పశువులను అక్కడ అమ్మివేశారని ఆ దేశపు పశుచరిత్ర చెబుతుంది. ఆనాడు ఒంగోలు సీమ నెల్లూరు జిల్లాలో ఉండటంచేత ఆ జాతికి అక్కడ 'నెలోర్' అనే పేరు స్థిరపడినది. 1960 దశకం తొలి సంవత్సరాలలో కరవది గ్రామం పేరు మోసిన ఆంబోతు కూడ బ్రెజిల్ చేరినది. నేడు ఆ దేశంలో మాంసం కొరకు పెంచే మందలలో అధికభాగం నెలోర్ రక్తం కలవే.

ఈ కథ గర్వించదగినదే. కాని దానిని చెప్పేవారు ఒక రేవు నుండి మరొక రేవుకు గంతు వేస్తారు. నడుమనున్న ప్రయాణాన్ని విడిచిపెడతారు. 2015 అక్టోబరు 6న బ్రెజిల్‌లోని పారా రాష్ట్రంలో, విలా దో కోందె రేవులో, సుమారు 5,000 పశువులతో ఉన్న 'హైదర్' అనే ఓడ మునిగిపోయినది. వాటిలో ప్రాణాలతో బయటపడినవి బహు కొద్ది. ఆ రాష్ట్రపు మందలలో కూడ అధికభాగం నెలోర్ సంతతే. ఈ సంగతి మన గర్వగాథలో చేరలేదు.

ఓడ మునగటం అరుదు. మునగని ఓడలో కూడ పశువు పడే బాధ ఎట్టిదో విచారించాలి. 400 కిలోల పశువు శరీరం ఎడతెగకుండా సుమారు 600 వాట్ల ఉష్ణాన్ని వెలువరిస్తుంది. అంటే వేయి పశువులున్న అంతస్తులో నూరేసి వాట్ల దీపాలు ఆరువేలు రాత్రింబగళ్లు వెలుగుతున్నట్లే. ఈ వేడిని పంకాలు బయటికి తోయాలి. కాని పంకాలు లోపలికి తెచ్చేది సముద్రపు గాలినే. అది వేడిగా, తేమగా ఉన్నప్పుడు చెమటా ఆరదు, రొప్పటంచేత ఊపిరితిత్తుల తడీ ఆరదు. అందుచేతనే ఇక్కడ మామూలు ఉష్ణమాపకం కంటె తడిబల్బు ఉష్ణమాపకం చూపే అంకె ముఖ్యం. వదులైన చర్మం, పొట్టి వెంట్రుకలు గల ఒంగోలు జాతి వేడికి బాగా ఓర్చుకొంటుంది. ఐనా ఆ ఓర్పుకు కూడ హద్దు కలదు.

దీనికి అమ్మోనియా తోడవుతుంది. మూత్రంలోని యూరియాను పేడలోని సూక్ష్మజీవులు విడగొట్టగా పుట్టే ఈ వాయువు కండ్లను మండిస్తుంది, ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. పశువులలో శ్వాసకోశ వ్యాధులు ఓడ ప్రయాణపు ముఖ్యశత్రువులు. గొఱ్ఱెల సంగతి కొంత వేరు. పచ్చికకు అలవాటుపడినవి కొన్ని ఓడలో ఇచ్చే గుళికల దాణాను ముట్టక కృశిస్తాయి. అట్టివాటికి సాల్మొనెల్లా వ్యాధి సులభంగా సోకుతుంది.

ఇన్ని బాధలను చాలకాలంగా ఒకే అంకెతో కొలుస్తున్నారు. అది నూటికి ఎన్ని చనిపోయినవన్న అంకె. ఆస్ట్రేలియాలో ఓడలోని గొఱ్ఱెలలో నూటికి 2 మించి చనిపోతేనే విచారణ జరిపేవారు. 2017 ఆగస్టులో 'అవాసీ ఎక్స్‌ప్రెస్' అనే ఓడ సుమారు 64,000 గొఱ్ఱెలతో ఫ్రీమాంటిల్ నుండి పర్షియన్ సింధుశాఖకు పోగా 2,400 గొఱ్ఱెలు వేడికి చనిపోయినవి. నియమం ప్రకారం ఆ ఓడలో 1,280 వరకు చనిపోయివుంటే విచారణ అవసరమే లేదన్నమాట! 2018 ఏప్రిల్‌లో ఆ దృశ్యాలు టెలివిజన్‌లో వచ్చిన తరువాత హద్దును నూటికి 1కి తగ్గించారు. హద్దు తగ్గినది, కాని కొలబద్ద మారలేదు. నోరు తెరచి, నాలుక వ్రేలవేసి, రోజుల తరబడి రొప్పి బ్రతికి బయటపడిన గొఱ్ఱె ఆ లెక్కలో "క్షేమంగా చేరినది" అవుతుంది.

ఎగుమతిదారుల వాదనలోనూ కొంత నిజం లేకపోలేదు. కొనే దేశాలకు సంతతి కొరకు ప్రాణమున్న పశువులు కావాలి. పెంచే రైతుకు ధర కావాలి. ఐతే సంతతి కొరకు ఘనీభవించిన వీర్యాన్ని, పిండాలను పంపే మార్గం నేడు ఉన్నది. మాంసాన్ని శీతలీకరించి పంపవచ్చును. న్యూజీలాండు 2023 ఏప్రిల్ 30 నుండి ఆవులు, గొఱ్ఱెలు, మేకలు, జింకల సముద్రపు ఎగుమతిని నిషేధించినది. ఆస్ట్రేలియా 2028 మే 1 నుండి గొఱ్ఱెల ఎగుమతిని ఆపుతూ 2024లో చట్టం చేసినది.

మన దేశంలో 1898 నాటి దిగుమతి చట్టానికి బదులుగా 2023 జూన్‌లో ఒక ముసాయిదా వెలువడినది. ప్రాణమున్న పశువుల ఎగుమతి కూడ అందులో చేరటంతో నిరసనలు రాగా రెండు వారాలలోనే దానిని ఉపసంహరించారు. 1978 నాటి రవాణా నియమాలలో ఆవులు, గేదెల భాగం ప్రధానంగా రైలు, లారీ ప్రయాణాలకు ఉద్దేశించినది. మళ్లీ చట్టం వ్రాసేవారు చావుల శాతంతో తృప్తిపడరాదు. ప్రతి అంతస్తులోను రోజూ తడిబల్బు ఉష్ణోగ్రతను, అమ్మోనియాను, పశువుల శ్వాసవేగాన్ని నమోదు చేయించాలి.

ఈ కొలతలు కష్టమైనవి కావు. తడిబల్బు, పొడిబల్బు ఉష్ణమాపకాలు పాఠశాల ప్రయోగశాలలో ఉంటాయి. డొక్క కదలికలను గడియారం చూస్తూ లెక్కపెడితే శ్వాసవేగం తెలుస్తుంది. నీడలో ఉన్న ఆవు శ్వాస నిమిషానికి సుమారు 20 నుండి 40. 100 దాటితే అది వేడికి తల్లడిల్లుతున్నదని గుర్తు. ఉపాధ్యాయులు విద్యార్థులచేత ఉదయం, మధ్యాహ్నం ఈ లెక్కలు తీయించవచ్చును. హైస్కూలు విద్యార్థి తీయగల ఈ లెక్కను ఓడ యజమాని తీయలేడని ఎవరూ నమ్మనక్కరలేదు.