ఆటగాళ్లున్న ఇంటికి ఏ రౌటర్?

ఆన్‌లైన్ ఆటకు డేటా ఎక్కువ అక్కర్లేదు. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్, బీజీఎంఐ లాంటి ఆటలు నడుస్తున్నంతసేపూ ఇంటి నుంచి సర్వర్‌కు వెళ్లేవీ, అక్కడి నుంచి వచ్చేవీ చిన్న చిన్న ప్యాకెట్లే. అన్నీ కలిపినా సెకనుకు ఒకటి రెండు మెగాబిట్లు దాటడం అరుదు. హాల్లో టీవీ మీద నడిచే 4కే సినిమా దానికి పదింతలు లాగుతుంది. అయినా నెట్ కాస్త తడబడితే సినిమా చూసేవాళ్లకు తెలియదు, ఆడేవాడు మాత్రం చచ్చిపోతాడు. సినిమా రాబోయే కొంత భాగాన్ని ముందే దించుకుని పెట్టుకుంటుంది. ఆటకు ఆ వీలు లేదు. ట్రిగ్గర్ నొక్కిన సంగతి సర్వర్‌కు అప్పుడే తెలియాలి, ఎదుటివాడు పక్కకు జరిగిన సంగతి అప్పుడే వెనక్కి రావాలి. అందుకే 300 మెగాబిట్ల ప్లాన్ ఉన్న ఇంట్లో కూడా ‘లాగ్ వస్తోంది’ అన్న కేక వినిపిస్తుంది. ప్లాన్‌ను 500కు మార్చినా ఆ కేక ఆగకపోవచ్చు.

ప్యాకెట్ సర్వర్‌కు వెళ్లి తిరిగి రావడానికి పట్టే సమయం పింగ్. దాన్ని మిల్లీసెకన్లలో చెబుతారు. అది ఒక్కో ప్యాకెట్‌కు ఒక్కోలా మారుతుంటే జిట్టర్. అసలు చేరకుండానే పోతే ప్యాకెట్ లాస్. పింగ్ నిలకడగా 60 ఉంటే చెయ్యి దానికి అలవాటు పడుతుంది. 20కీ 150కీ మధ్య ఎగిరి పడుతుంటే ఎంత ఆరితేరినవాడైనా ఏమీ చెయ్యలేడు. రౌటర్ కొనేటప్పుడు చూడాల్సింది ఈ నిలకడ. దుకాణంలో అట్టపెట్టె మీద పెద్దక్షరాల్లో కనిపించేది మాత్రం వేగం.

పింగ్‌లో కొంత భాగాన్ని ఏ రౌటరూ తగ్గించలేదు. ఫైబర్ తీగలో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే ప్రతి 100 కిలోమీటర్లకూ రానూపోనూ ఒక మిల్లీసెకను. హైదరాబాద్ నుంచి ముంబై సర్వర్‌కు నేరుగా లెక్కేసినా 600 కిలోమీటర్లు పైచిలుకు కాబట్టి ఆరు మిల్లీసెకన్లు తప్పదు. కేబుల్ తిరిగే వంకర దారులు, మధ్యలో తగిలే యంత్రాలు కలిసి అది ఇంకా పెరుగుతుంది. సింగపూర్ సర్వర్ అయితే 33కు తగ్గే ప్రశ్నే లేదు. డల్లాస్‌లో ఉన్న అన్న, విజయవాడలో ఉన్న తమ్ముడు ఒకే సర్వర్‌లో ఆడుకోవాలంటే, ఆ సర్వర్ ఒకరికి దగ్గరలో ఉన్నప్పుడు రెండోవాడు 200 దాటిన పింగ్‌తో సర్దుకోవాల్సిందే. ‘పింగ్ తగ్గిస్తుంది’ అని రాసిన ఏ డబ్బా కూడా సముద్రాన్ని దగ్గర చెయ్యదు.

మిగిలిన ఆలస్యం రెండు చోట్ల పుడుతుంది. ఒకటి ఇంట్లోని గాలిలో, రెండోది ఇంటి నెట్ బయటికి వెళ్లే గుమ్మం దగ్గర. ఏది ఎక్కడో తేల్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి రౌటర్ చిరునామాకు, చాలా ఇళ్లలో అది 192.168.1.1 లేదా 192.168.0.1, ఆగకుండా పింగ్ పెట్టాలి. వైరు మీద అయితే వరసగా ఒక మిల్లీసెకనో, అంతకన్నా తక్కువో కనిపిస్తుంది. వైఫై మీద 2, 3, 5 అంటూ పోతుంది. ఆ అంకెల మధ్యలో ఉన్నట్టుండి 80, 140 వస్తుంటే, ఒక్కోసారి జవాబే రాకపోతే, జబ్బు గాలిలో ఉంది. అక్కడ బాగానే ఉందనుకుంటే 8.8.8.8 లాంటి బయటి చిరునామాకు పింగ్ పెట్టి, అదే సమయంలో ఫోన్ నుంచి ఒక పెద్ద పెళ్లి వీడియో గూగుల్ ఫొటోస్‌కు ఎక్కించాలి. 25 దగ్గరున్న అంకె 300కు పోయి, ఎక్కించడం ఆపగానే మళ్లీ 25కు దిగితే జబ్బు గుమ్మం దగ్గరుంది. ఏమీ ఎక్కించకుండానే, ఇంట్లో ఎవరూ నెట్ వాడకుండానే బయటి పింగ్ ఎగురుతుంటే అది దాదాపుగా లైనులోని లోపం. కంపెనీ మనిషిని పిలవాలి తప్ప రౌటర్ కొనకూడదు.

గాలి సంగతి ముందు. వైఫైలో ఒక చానెల్ మీద ఒక సమయంలో ఒక్కరే మాట్లాడగలరు. మిగతావాళ్లు వింటూ ఖాళీ కోసం ఆగాలి. ఇంట్లో ఆరు ఫోన్లు, రెండు టీవీలు, నాలుగు కెమెరాలు, ఒక ప్రింటర్ ఉంటే అన్నీ ఆ ఖాళీ కోసమే చూస్తుంటాయి. మూల గదిలో సిగ్నల్ సరిగా అందని పాత ఫోన్ నెమ్మదిగా మాట్లాడుతూ అందరి సమయాన్నీ తినేస్తుంది. 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా పనిచేసే చానెళ్లు మూడే: 1, 6, 11. కూకట్‌పల్లిలోనో మధురవాడలోనో ఒక ఫ్లాట్‌లో నిలబడి ఫోన్‌లో వైఫై పేర్లు చూస్తే ఇరవై కనిపిస్తాయి; ఆ ఇరవై రౌటర్లూ ఈ మూడింటినే పంచుకోవాలి. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ తిరిగేది కూడా ఇదే బ్యాండ్‌లో. ఆటకు ఇది పనికిరాదు. బల్బులు, కెమెరాలు, గీజర్ ప్లగ్గులు దీన్ని వాడుకోనిచ్చి, ఆడే ఫోన్‌నూ కంప్యూటర్‌నూ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాలి. అందుకు రెండు బ్యాండ్లకూ వేర్వేరు పేర్లు పెట్టుకోనిచ్చే రౌటర్ మేలు. కొన్ని రౌటర్లు రెండూ కలిపి ఒకే పేరు చూపిస్తూ, ఫోన్‌ను తమకు నచ్చిన బ్యాండ్‌కు తోస్తుంటాయి.

5 గిగాహెర్ట్జ్‌లో చోటు చాలా ఉంది. 2018 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ఈ బ్యాండ్‌లో 605 మెగాహెర్ట్జ్‌ను లైసెన్సు అక్కర్లేకుండా విడిచిపెట్టింది. కాకపోతే ఈ తరంగాలు గోడలు దాటడంలో బలహీనం. తొమ్మిది అంగుళాల ఇటుక గోడ ఒకటి పర్వాలేదు, రెండైతే కష్టం, స్లాబ్ అయితే మరీ కష్టం. రౌటర్‌ను ఇనప బీరువా వెనకో టీవీ స్టాండు అరలోనో దాచిపెట్టే ఇళ్లలో ఎంత ఖరీదైనది కొన్నా ఒకటే. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ను అమెరికా 2020లోనే 1200 మెగాహెర్ట్జ్ మేర తెరిచింది; మన దగ్గర అందులో కింది 500 మెగాహెర్ట్జ్‌కు లైసెన్సు ఎత్తివేసే ముసాయిదా 2025 మేలో వచ్చింది. అందుకని చుట్టాలు అమెరికా నుంచి సూట్‌కేసులో తెచ్చే ఖరీదైన రౌటర్‌తో జాగ్రత్త. దాని చానెళ్లు ఆ దేశానికి బిగించినవి, ఇక్కడి నిబంధనలకు సరిపోవు. అడాప్టర్ 120 వోల్టులదే అయితే మన ప్లగ్గులో పెట్టిన రోజే పోతుంది.

గాలి జబ్బుకు అన్నిటికన్నా మంచి మందు వైరు. ఆడే కంప్యూటర్‌కు గానీ ప్లేస్టేషన్‌కు గానీ రౌటర్ నుంచి ల్యాన్ వైరు లాగితే పొరుగింటి చానెళ్లు, మైక్రోవేవ్, పాత ఫోన్ అన్నీ లెక్కలోంచి పోతాయి. క్యాట్ 5ఇ వైరు 100 మీటర్ల దాకా సెకనుకు గిగాబిట్ మోస్తుంది. క్యాట్ 6 వేస్తే ఇంకా నిశ్చింత. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు స్లాబ్ వెయ్యకముందే ఎలక్ట్రీషియన్‌కు చెప్పి, కరెంటు వైర్లతో కలపకుండా విడిగా ఒక పీవీసీ పైపులో గదికో ల్యాన్ పాయింట్ పెట్టించుకుంటే ఆ ఖర్చు మొత్తం ఇంటి ఖర్చులో కనిపించదు. తర్వాత గోడలు తొలవాలంటే కనిపిస్తుంది.

ఇక గుమ్మం. కిరాణా కొట్లో నెల సరుకుల చీటీ ఇచ్చినవాడి వెనక అగ్గిపెట్టె కోసం వచ్చినవాడు నిలబడ్డట్టు, పెద్ద ఫైలు తాలూకు వందల ప్యాకెట్ల వెనక ఆట ప్యాకెట్ ఇరుక్కుంటుంది. రౌటర్ ఏ ప్యాకెట్‌నూ పారెయ్యకూడదన్న ఆశతో అన్నిటినీ తన బఫర్‌లో పోగేసుకుంటుంది. పోగు పెరిగేకొద్దీ ఆలస్యం పెరుగుతుంది. 2010లో జిమ్ గెటిస్ అనే ఇంజినీరు తన ఇంట్లో పెద్ద ఫైళ్లు పంపుతున్నప్పుడు ఈ సంగతి గమనించి లోకానికి చాటాడు. దానికి బఫర్‌బ్లోట్ అన్న పేరు స్థిరపడింది. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ విరుగుడు చెప్పారు: వరస పొడవు కొలవొద్దు, ప్యాకెట్ అందులో ఎంతసేపు నిలబడిందో కొలవండి, హద్దు దాటితే ఒకదాన్ని పారేసి పంపేవాణ్ని నెమ్మదించమనండి. దాని మీద పుట్టినవే ఎఫ్‌క్యూ-కోడెల్, కేక్ అనే పద్ధతులు. రౌటర్ సెట్టింగుల్లో ఎస్‌క్యూఎం అన్న పేరు కనిపిస్తే లోపల ఇవే ఉంటాయి. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించుకునే రౌటర్లలో ఈ సదుపాయం దొరుకుతుంది. ప్లాన్ వేగంలో 90 శాతం దగ్గర హద్దు పెట్టాలి. అప్పుడే వరస కంపెనీ డబ్బాలో కాకుండా మన రౌటర్‌లో, మన అదుపులో ఉంటుంది. ఆ పది శాతం పోయిందని బాధపడేవాళ్లు ఉంటారు. ఫోన్ల బ్యాకప్, కెమెరాల వీడియో, ఆట ఒకేసారి నడిచే ఇంట్లో అంతకన్నా లాభసాటి బేరం లేదు. అయితే ఈ లెక్కంతా ప్రాసెసర్ చెయ్యాలి. చవక రౌటర్లు 100 మెగాబిట్ల ప్లాన్‌కు నెట్టుకొస్తాయి గానీ 500 దగ్గర చతికిలపడతాయి. పాత పద్ధతి క్యూఓఎస్‌లో ‘గేమింగ్’ అన్న గడి టిక్కు పెట్టడం దీనికి సాటి రాదు.

అట్టపెట్టె చదవడం కూడా ఒక విద్యే. ఏఎక్స్3000 అంటే 3000 మెగాబిట్లు ఎవరికీ రావు. అది 2.4 బ్యాండ్‌లో 574, 5 బ్యాండ్‌లో 2402 కలిపి రౌండు చేసిన అంకె. రెండు యాంటెన్నాల మామూలు ఫోన్ 80 మెగాహెర్ట్జ్ చానెల్ మీద 1201 దగ్గర లింకు పట్టుకుంటుంది, నిజంగా చేతికొచ్చేది అందులో సగం అటూఇటూ. ఏఎక్స్5400లోని 4804 అందుకోవాలంటే నాలుగు యాంటెన్నాల పరికరం కావాలి, అలాంటిది ఇంట్లో సాధారణంగా ఉండదు. పక్కకు తిప్పి పోర్టుల వివరం చూడటం మరవకూడదు. ఏసీ1200 అని అమ్మే చవక రౌటర్లలో కొన్నిటికి పోర్టులు 100 మెగాబిట్లవే. 300 ప్లాన్‌కు డబ్బు కడుతూ 95 దగ్గర ఎందుకాగుతోందో తెలియక తల పట్టుకునేవాళ్లు వీటి బాధితులు. యాంటెన్నాలు ఎనిమిది నిక్కబొడుచుకున్నా ప్రసార శక్తికి ప్రభుత్వం పెట్టిన హద్దు అన్నిటికీ ఒకటే. ఎర్రదీపాల ‘గేమింగ్’ రౌటర్లలో మంచి ప్రాసెసర్ ఉండే మాట నిజమే గానీ, ఆ ధరలో చాలా భాగం దీపాలకూ పేరుకూ పోతుంది.

వైఫై 6 ఉంటే చాలు. ఒకే విడతలో చానెల్‌ను ముక్కలు చేసి చాలా పరికరాలకు పంచే పద్ధతి అందులో వచ్చింది. రద్దీ ఇంటికి పనికొచ్చేది అదే. 2024 జనవరిలో సర్టిఫికేషన్ మొదలైన వైఫై 7 ఇంకా మంచిదే, కానీ ఆడే ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ కూడా అది లేకపోతే ఆ తేడా అందదు.

కంపెనీ ఇచ్చిన ఫైబర్ డబ్బా కూడా రౌటరే అన్న సంగతి చాలామంది మరిచిపోతారు. దాని వెనక ఇంకో రౌటర్ పెడితే చిరునామాల మార్పిడి రెండుసార్లు జరిగి, ప్లేస్టేషన్ ‘నాట్ టైప్ 3’ అనొచ్చు, స్నేహితుడితో మాటలు కలవకపోవచ్చు. డబ్బాను బ్రిడ్జ్ మోడ్‌లో పెట్టమని కంపెనీని అడగాలి, లేదా కొత్తదాన్ని యాక్సెస్ పాయింట్‌గా వాడాలి. రెండో పద్ధతిలో వరస అదుపు చేతికి రాదు. కంపెనీ ఒకే పబ్లిక్ చిరునామాను పదిమందికి పంచుతుంటే ఇంట్లో ఏం చేసినా ఆ మొరాయింపు పూర్తిగా పోకపోవచ్చు.

డూప్లెక్స్ ఇళ్లకు ఒక్క రౌటర్ చాలదు. రెండు మూడు డబ్బాల మెష్ కొంటే వాటిని ఒకదానికొకటి వైరుతో కలపాలి. గాలి మీద కలిపితే ప్రతి ప్యాకెట్ రెండుసార్లు గాలిలో ప్రయాణిస్తుంది. సినిమాలకు సరిపోతుంది, ఆటకు జిట్టర్ తెస్తుంది. ప్లగ్గులో గుచ్చే ఎక్స్‌టెండర్ మాట ఆట ఆడేవాళ్ల దగ్గర ఎత్తకపోవడం మంచిది.

కరెంటు రెప్పపాటు పోయి వచ్చినా రౌటర్ మళ్లీ లేచి నెట్ పట్టుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ ఆట అక్కడితో సరి. 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి పెట్టుకోవాలి. రౌటర్ అడాప్టర్ మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు దానికి సరిపోవాలి, ఫైబర్ డబ్బాకూ దాని నుంచే కరెంటు అందాలి.

రెండు మూడు బెడ్‌రూముల ఫ్లాట్‌కు గిగాబిట్ పోర్టులున్న ఏఎక్స్3000 తరగతి రౌటర్, ఎస్‌క్యూఎం సదుపాయం, ఆడే యంత్రానికి ఒక వైరు ఉంటే సరిపోతుంది. వెనక్కి తీసుకునే గడువు ఎన్ని రోజులో అడిగి కొనండి. ఆ గడువులోనే ఒక ఆదివారం సాయంత్రం, ఇంటిల్లిపాదీ నెట్ మీద ఉన్నప్పుడు పింగ్ పెట్టి చూసుకోండి. అంకెలు ఎగురుతుంటే మొహమాటపడకుండా వెనక్కి ఇచ్చెయ్యండి.