ఇంటి తాళం, హాలు తాళం

డీవీడీలకు 1996లో వేసిన తాళం పేరు సీఎస్ఎస్. థియేటర్‌లో డిజిటల్ సినిమాను తెరిచేది కేడీఎం. మన హాళ్లవాళ్లు ‘కీ’ అని ఊరుకుంటారు. పని ఒకటే, పనితనంలోనే పొంతన లేదు.

సీఎస్ఎస్ తాళంచెవి పొడవు 40 బిట్లే. అది లోపమే గానీ అసలు తప్పు వేరు. సినిమా చూడాలంటే ప్లేయర్‌లో తాళంచెవి ఉండి తీరాలి. అంటే ఎవరిని అనుమానించి తాళం వేశారో వాళ్లింట్లోనే పెట్టెనీ తాళంచెవినీ కలిపి పెట్టొచ్చారు. 1999లో డీసీఎస్ఎస్ అనే చిన్న ప్రోగ్రామ్ దాన్ని తెరిచేసింది. అందుకు నార్వే కుర్రాడు యాన్ యోహాన్సెన్ మీద కేసు పెడితే, 2003లో అక్కడి కోర్టులు నిర్దోషి అన్నాయి. చివరికి ఆ తాళం ఏడిపించింది డబ్బిచ్చి కొన్న డిస్క్‌ను లినక్స్ కంప్యూటర్‌లో చూడబోయినవాణ్ని. బజారులో దొంగ డిస్క్ కొన్నవాడికి తాళం ఉందన్న సంగతే తెలియదు.

థియేటర్ కీ గడుసుది. ఏ హాల్లో, ఏ సర్వర్ మీద, ఎన్నాళ్లు నడవాలో అందులోనే ఉంటుంది. హార్డ్‌డిస్క్ ఎత్తుకుపోయినా 128 బిట్ల ఎన్‌క్రిప్షన్ దాటి బొమ్మ పడదు. నిర్మాత బాకీలు తేలకపోతే ఆ కీ ఆగుతుంది, పొద్దుటి ఆటలు రద్దవుతాయి. అప్పుల వసూలుకు ఇంత గట్టి పనిముట్టు సినిమా వ్యాపారానికి ఇంకోటి దొరికినట్టు లేదు! కానీ తెర మీద పడ్డ వెలుగుకు తాళం ఎవరు వేస్తారు? సెల్‌ఫోన్‌కు కావలసింది ఆ వెలుగే. 2013లో ‘అత్తారింటికి దారేది’ సగం సినిమా విడుదలకు ముందే నెట్‌లోకి వచ్చింది, హాలు కీతో పనిలేకుండా, లోపలి కాపీ నుంచే. సినిమా మాత్రం బ్రహ్మాండంగా ఆడింది. దాన్ని చూపి పైరసీతో నష్టమే లేదంటే ఒప్పుకోను. పవన్ కల్యాణ్ సినిమాకు తట్టుకునే శక్తి ఉంది, చిన్న సినిమాకు అదెక్కడిది?

అయినా నా ఓటు హాలు తాళానికే. దానికి తోడుగా బొమ్మలో, ధ్వనిలో మనకు తెలియని గుర్తు ఒకటి కలుస్తుంది. దొంగ కాపీ దొరికితే ఏ హాల్లో, ఏ ఆటకు తీశారో అది పట్టిస్తుంది. 2023 సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టం మూడు నెలల నుంచి మూడేళ్ల జైలు అంటోంది. ఎవణ్ని పట్టుకోవాలో వెతకడానికి దారి చూపేది ఆ గుర్తే. లక్షల డీవీడీల్లో ఏది కాపీ అయిందో సీఎస్ఎస్ ఏనాడూ చెప్పలేకపోయింది.

ఇక సినిమా ఓటీటీకి వచ్చిందా, తాళంచెవి మళ్లీ ఇంట్లోకొస్తుంది. తరచూ ఆ సాయంత్రానికే హెచ్‌డీ ప్రింట్ చేతులు మారుతుంటుంది.