గుడ్లగూబకో గోడ

కరీంనగర్ చుట్టుపక్కల గుట్టలెన్నో టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకలై దేశాలు దాటిపోయాయి. గుట్ట పోయినచోట నిట్టనిలువు రాతిగోడలు మిగిలాయి. వాటిని చూస్తే మనకు మనసు చివుక్కుమంటుంది గానీ కొమ్ముల గుడ్లగూబకు అవి బాగా నచ్చాయి. అది పుల్లాపుడకా ఏరి గూడు కట్టదు. గోడ మధ్యలో నక్క ఎక్కలేని అరుగు, దాని మీద కాస్త మట్టి ఉంటే చాలు, గీరి గుంత చేసుకుని గుడ్లు పెట్టేస్తుంది.

క్వారీల దగ్గర పక్షుల్ని చూడటం నాకు పాత అలవాటు. అక్కడ కంచె కంటే క్యాలెండర్ ముఖ్యమని తెలిసింది ఆ అలవాటు వల్లే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా గూడు కాలం. గుడ్లు పొదగడానికే నెల పైన పడుతుంది. పిల్లలు ఎగరడం రాకముందే నడుచుకుంటూ గూడు దిగుతాయి. అన్నాళ్ళూ ఆ ఒక్క గోడను వదిలి, పని క్వారీలోనే వేరే మెట్టు (బెంచి) మీదికి మార్చుకుంటే చాలు. ఇంగ్లండ్ ఇసుక క్వారీల్లో ఇలాగే చేస్తారు. వసంతంలో ఆఫ్రికా నుంచి వచ్చే శాండ్ మార్టిన్ పిట్టలు గోడలో బొరియలు చేసుకుంటే, అవి వెళ్ళేదాకా ఆ వైపు తవ్వరు.

మరి ఏ గోడలో గూడుందో మేనేజరుకు ఎవరు చెప్పాలి? డ్రిల్లింగ్ కూలీకి తెలుసు, మేకలు కాసేవాళ్ళకు తెలుసు, ఆ దారిన బడికి పోయే పిల్లలకు ఇంకా బాగా తెలుసు. కాకపోతే గుడ్లగూబ అరిస్తే చావు కబురని ఇంట్లో విని ఉంటారు, రాయి విసురుతారు.

ఆ భయాన్ని ఉపన్యాసంతో పోగొట్టలేం. గుడ్లగూబ అరగని ఎముకల్నీ బొచ్చునీ ఉండలుగా కక్కేస్తుంది. సైన్సు మాస్టారు వాటిని తెచ్చి, పిల్లల చేతులకు గ్లవ్స్ తొడిగి, నీళ్ళలో నానబెట్టి విప్పించాలి. నారింజరంగు పళ్ళతో ఎలుక పుర్రెలు బయటపడతాయి. వరి పండించే ఇంటి పిల్లకు ఆపైన వేరే పాఠం అక్కర్లేదు.

అయితే పిల్లలెవరూ క్వారీలోకి దిగకూడదు. నీళ్ళు నిండిన పాత గుంతలు ఎందరినో మింగాయి. టీచరు పక్కనుండగా, బయట రోడ్డు మీద నిలబడి బైనాక్యులర్‌తో చూసి, తేదీ, గోడ, కనబడిన గుడ్లగూబ పిల్లల లెక్క నోటుబుక్కులో రాసుకుంటే సరిపోతుంది. గూడున్న చోటు ఊరంతా చాటకూడదు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ఉన్నా, దీపావళి ముందు క్షుద్రపూజలకని గుడ్లగూబల్ని పట్టేవాళ్ళున్నారు. నోటుబుక్కు హెడ్‌మాస్టరు, మేనేజరు, అటవీ అధికారి చూస్తే చాలు.

నేషనల్ గ్రీన్ కోర్ అనే పర్యావరణ కార్యక్రమం 2001లో మొదలయ్యాక బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. చాలాచోట్ల మొక్క నాటి ఫొటో దిగడంతో వాటి పని సరి. క్వారీ ఉన్న ఊళ్ళో వాటికి ఈ నోటుబుక్కు అప్పగించాలి. మంచి అరుగు దొరికితే గుడ్లగూబ జంట ఏటేటా అక్కడికే వస్తుంది. కనుక అక్టోబరులో బ్లాస్టింగ్ ఎక్కడెక్కడో తేల్చుకునేటప్పుడు మేనేజరు ముందుగా తిరగెయ్యాల్సింది పిల్లలు నిరుడు రాసిన పేజీలే.