ఔదార్యమా, ఋణమా? తుళ్లూరు భూసమీకరణలో పేదల పింఛనుపై ఒక విమర్శ

ప్రభుత్వము పేదలకు చేయు సహాయమును ఔదార్యమని మెచ్చుకొనుట మన సంఘములలో పరిపాటి. ఇచ్చినది దానమా, చెల్లింపవలసిన బాకీయా అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడును. తుళ్లూరు ప్రాంతములో అమరావతి రాజధాని కొరకు జరిగిన భూసమీకరణను ఆధారము చేసికొని ఈ ప్రశ్నను పరిశీలింపగోరుచున్నాము.

2015 జనవరి 1 నాటి నిబంధనల క్రింద 29 గ్రామములలో 33 వేల ఎకరములకు పైగా భూమి సమీకరింపబడెను. భూమినిచ్చిన రైతుకు అభివృద్ధి చేసిన ప్లాట్లతో పాటు పదేండ్ల కౌలు నిర్ణయించిరి. మెట్ట ఎకరమునకు ఏడాదికి 30 వేల రూపాయలు, జరీబుకు 50 వేలు. దానిపై ఏటా వరుసగా 3 వేలు, 5 వేలు పెరుగుదల. మిరపకోతలకు, పత్తితీతలకు పోవు భూమిలేని కుటుంబమునకు నెలకు 2,500 రూపాయల పింఛను, అదియు పదేండ్లే. మొదటి ఏడాది అది ఒక మెట్ట ఎకరపు కౌలుతో సమానము. తరువాత కౌలు పెరిగినది. పింఛను 2024 వరకు పెరుగలేదు. ఆ యేడు దానిని 5,000 చేసిరి.

ఈ పింఛనును తేలికగా కొట్టివేయరాదు. 1894 నాటి భూసేకరణ చట్టము కూలీని లెక్కలోనికే తీసికొనలేదు. అయితే 2013 నాటి చట్టము ఆ ప్రాంతపు పనిపై ఆధారపడి మూడేండ్లుగా బ్రదుకుచున్న కూలీలను, కౌలుదారులను బాధిత కుటుంబములుగా గుర్తించినది. ఉద్యోగము, లేదా ఒకేసారి 5 లక్షల రూపాయలు, లేదా ఇరువది ఏండ్లపాటు నెలకు 2,000కు తగ్గక ధరలతో పాటు పెరుగు భృతి: వీటిలో ఒకటి వారి హక్కు. 2,500 పైకి ఎక్కువగా కనబడును గాని కాలము సగము, ధరల ఊసు లేదు. సమీకరణ స్వచ్ఛందమనుటచే ఆ చట్టము ప్రక్కకు పోయినది. కాని సమ్మతి పత్రముపై సంతకము చేసినది భూయజమాని. కూలీ సమ్మతిని ఎవరును అడుగలేదు.

లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19-22 ఇచ్చట ఆలోచింపదగినవి. పొలపు అంచులు, రాలిన పరిగె, మరచిన పన బీదలకు, పరదేశులకు, విధవరాండ్రకు, తండ్రిలేనివారికి చెందును. యజమాని వాటిని దయతో ఇచ్చుటలేదు. వాటిని కోసికొను అధికారమే అతనికి లేదు. మోయాబీయురాలైన రూతు ఆ హక్కుతోనే పొలములో అడుగుపెట్టెను. పనల మధ్యను ఏరుకొననిచ్చి, ఆమె కొరకు పిడికెళ్లు విడువుమని బోయజు చెప్పినది అటుపిమ్మట. ధర్మశాస్త్రము ముగిసిన చోట అతని ఔదార్యము మొదలాయెను. ప్రాచీన ఇశ్రాయేలు పొలపు నియమము నేటి ప్రభుత్వమునకు శాసనము కాదని ఎరుగుదుము. ఈ క్రమము మాత్రము నేటికిని వర్తించునని మా అభిప్రాయము.

ఈ క్రమము తప్పినచో పేదలే నష్టపోవుదురు. 2023 మే 26న తుళ్లూరు మండలము వెంకటపాలెములో 50,793 మంది పేద స్త్రీలకు ఇండ్ల పట్టాలు పంచిరి. అందుకు రాజధాని ప్రాంతములో కేటాయించినది 1,402 ఎకరములు. ఆ స్త్రీల అవసరము నిజమైనది. అయితే రాజధాని కట్టెదమని మాటయిచ్చి తీసికొన్న భూమి అది. ఆ మాట తీరకమునుపే జరిగిన పంపకమని రైతులు న్యాయస్థానమునకు వెళ్లిరి. ఆగస్టులో హైకోర్టు నిర్మాణమును నిలిపివేసెను. పట్టా చేతిలోనున్న స్త్రీకి ఇల్లు రాలేదు. ఊరివారి దృష్టిలో ఆమె పరదేశిగానే మిగిలెను.

కనుక ప్రభుత్వ సహాయమును తూచునపుడు ఎంత ఇచ్చిరని గాక, ఎంత ఇవ్వవలసియుండెనని ముందుగా అడుగవలెను. బాకీ తీరిన పిమ్మట ఇచ్చినదానిని ఔదార్యమని మనస్ఫూర్తిగా మెచ్చుకొందము.