ఫొటోలా లేకపోతే బొమ్మ కాదా?

బొమ్మని చూడగానే మనం ఇచ్చే మెప్పు ఒక్కటే: "అబ్బ! అచ్చు ఫొటోలా వుంది!" వేసినాయన పొంగిపోతాడు, చూసిన మనకీ పని తీరిపోతుంది. అలా లేకపోతే "ఏమిటో, ఇవన్నీ మనకి అర్థంకావు లెండి" అని ముందుకు నడుస్తాం.

అదే చీరలకొట్లో కూచుంటే మన దగ్గర ఎన్ని మాటలో! అంచు, పల్లూ, బుటా, గళ్ళు, నేత, అద్దకం, ముదురురంగు, లేతరంగు, వెలిసిన రంగు... కొట్టతను బిత్తరపోవాల్సిందే. అవే కళ్ళు, అవే రంగులు. బొమ్మ దగ్గరికి వచ్చేసరికి నోరు ఎందుకు మూతపడుతుంది? మాటలు లేక కాదు. మన మాటలు అక్కడా చెల్లుతాయని ఎవరూ చెప్పక.

ఈ ఫొటో కొలబద్ద మన ఇళ్ళలోకి రావటానికి రవివర్మ (1848–1906) చాలావరకు కారణమని నాకనిపిస్తుంది. ఆయనవి తైలవర్ణ చిత్రాలు. నూనె కలిపిన రంగు తొందరగా ఆరదు. అంచేత వెలుగు ఎక్కడ అయిపోయిందో, నీడ ఎక్కడ మొదలైందో తెలీకుండా తీరుబడిగా కలుపుకోవచ్చు. బుగ్గ గుండ్రంగానూ పట్టుచీర కుచ్చిళ్ళు మెత్తగానూ కనిపించేది అందుకే. ఈ వెలుగునీడల పనినే ఛాయ అంటారు. 1894లో ఆయన బొంబాయిలో అచ్చుయంత్రాలు పెట్టించాక ఆ లక్ష్మీ, ఆ సరస్వతీ దేశమంతటా గోడలకెక్కారు. దేవతలంటే అలాగే వుంటారని, బొమ్మంటే అలాగే వుండాలని మన కళ్ళకి అలవాటైపోయింది.

రవివర్మని తక్కువచెయ్యటం నా వుద్దేశం కాదు సుమండీ. "క్యాలెండరు బొమ్మలు" అని పెదవి విరిచే పెద్దలున్నారు. అదీ "ఫొటోలా వుంది" అన్నంత సోమరిమాటే. ఆయన శకుంతలని గుర్తు తెచ్చుకోండి. సఖులతో నడుస్తూ, కాలి ముల్లు తీసుకునే నెపంతో ఆగి వెనక్కి చూస్తుంది. దుష్యంతుడు బొమ్మలో లేనే లేడు. కానీ ఆ చూపు వెంట మన చూపూ వెళ్ళి అతన్ని వెతుకుతుంది. ఎవర్ని ఎక్కడ నిలబెట్టాలి, ఏది చూపించాలి, ఏది దాచాలి అన్న ఈ నేర్పు పేరే కూర్పు. ఫొటోలా వుందని మెచ్చుకుని వెళ్ళిపోయినవాళ్ళు దీన్ని చూడనేలేదన్నమాట.

అదే కొలబద్ద పట్టుకుని చేర్యాల పటం ముందు నిలబడితే? "పాపం, సరిగ్గా గీయటం రాదు కాబోలు" అంటాం. నాకు బాధ కలిగించేది ఈ మాటే. సిద్దిపేట జిల్లాలోని ఆ వూళ్ళో నకాషీ కళాకారులు గుడ్డకి గంజి, సుద్ద, చింతగింజల జిగురు పట్టించి దానిమీద బొమ్మలు వేస్తారు. వెనక ఎర్రరంగు. ఛాయలుండవు. ఒక్కో రంగూ సమంగా పరిచి చుట్టూ గీత గీస్తారు. ఒకే పటంలో ఒకే మనిషి పది చోట్ల కనిపిస్తాడు. ఎందుకంటే అది కథలు చెప్పేవాళ్ళ పటం. పాట సాగినకొద్దీ చుట్ట విప్పుతూ పోవాలి, మన వారపత్రికల సీరియల్లాగ! దూరంగా కూచున్న అవ్వకి కూడా రాజెవరో బంటెవరో తెలియాలి. అక్కడ ఛాయలు దిద్దుకుంటూ కూచుంటే కథ మసకబారదూ? వాళ్ళు ఛాయ వెయ్యనిది రాక కాదు, అక్కర్లేక.

మాటలు తెలియకపోతే వచ్చే నష్టం ఏమిటంటారా? కలంకారీ సంగతి చూడండి. శ్రీకాళహస్తిలో వెదురు కలంతో చేత్తో గీస్తారు. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దుతారు. మరమీద ముద్రించిన గుడ్డకీ బజారులో అదే పేరు పెట్టి అమ్ముతారు. మూడింటినీ మనం "కలంకారీ ప్రింటు" అనేసి, "ఇదే డిజైను పక్కకొట్లో సగం ధరకి వుంది" అని బేరం మొదలెడతాం. కలం పట్టుకున్న చెయ్యి ఆ మాటతో ఓడిపోతుంది.

ఆ గుడ్డ వెనక వున్నది మనకి తెలియని విద్యా? ముందు దాన్ని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెడతారు. పాలలో వెన్న వుంటుంది కనక రంగు పక్కకి పాకదు. తుప్పుపట్టిన ఇనుపముక్కలూ బెల్లమూ నీళ్ళలో వేసి పులియబెడితే నల్లరంగు. రంగు పట్టి నిలవటానికి పటిక. పులియటం, నానటం, వూరటం మనకి ఒకరు నేర్పాలా? కలం గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నంగా సాగుతుంది. చెక్క అచ్చు అతుకుల దగ్గర రవ్వంత జరుగుతుంది. మరముద్ర ఎక్కడా తప్పదు. ముగ్గుపిండి వేళ్ళసందు జార్చి గీత లాగిన మనకి ఈ తేడా ఇట్టే తెలుస్తుంది, చూడాలనుకుంటే.

నీటిరంగులది ఇంకో పద్ధతి. వడ్డాది పాపయ్యగారు (1921–1992) చందమామకి వేసిన ముఖచిత్రాలు ఎంతమందిమి దాచుకోలేదు! తైలవర్ణంలా ఇక్కడ పొరమీద పొర వేసి దిద్దుకునే వీలు తక్కువ. తడి ఆరేలోపే తేల్చుకోవాలి. చాలాసార్లు తెలుపంటే వేసిన రంగు కాదు, వదిలేసిన కాయితం. ఎక్కడ వెయ్యకూడదో తెలియటం కూడా పనితనమే. ముగ్గులో ఖాళీలాగ.

ఇక గీత అంటే బాపుగారు (1933–2014). రంగు తీసేయండి, ఛాయ తీసేయండి. నాలుగు గీతల్లో వాలుజడ, ఇంకో రెండింట్లో కోపం. ఫొటోకీ దానికీ ఎక్కడా పోలిక లేదు. ఏ ఆడపిల్లకీ అంతంత కళ్ళుండవు. అయినా పెళ్ళిచూపులకి వెళ్ళొచ్చినవాళ్ళు ఏమంటారు? "పిల్ల బాపు బొమ్మలా వుందండీ!" అంటారు.

గమనించారా? బొమ్మ మనిషిలా వుందా అని కొలిచే మనమే, ఇక్కడ మనిషి బొమ్మలా వుందా అని కొలుస్తున్నాం. కొలబద్ద మనకి తెలియకుండానే ఎప్పుడో తిరగబడింది. ఇంక ఆ ఫొటోమాట పక్కన పెట్టి, గీత ఎలా సాగింది, రంగు దేంతో వచ్చింది, ఎవర్ని ఎక్కడ నిలబెట్టారు అని అడిగితే తప్పేముంది? చీరలకొట్లో ఇంతకన్న కష్టమైన ప్రశ్నలే అడుగుతాం కదూ!